ఆరు నుంచి ఎనిమిది తరగతులు: పిల్లలూ టీచర్లూ ఒకరికొకరు నిజంగా తెలిసేదెలా?

కొత్త సోషల్ టీచర్:
నమస్కారమండీ. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ పోస్టు, దాంతోపాటు ఆరో తరగతి క్లాస్ టీచర్ బాధ్యత. తరగతిలో 43 మంది, ఐదు ప్రాథమిక పాఠశాలల నుంచి వచ్చారు కాబట్టి పిల్లలకు పిల్లలే కొత్త. పేరు, ఊరు, పెద్దయ్యాక ఏమవుతావు అని అడిగితే ఒక వరుసంతా డాక్టర్లు, ఇంకో వరుసంతా పోలీసులు. ఎవరి సంగతీ తెలియదు.

మూడు విషయాలు చెప్పండి. నిజమైన జవాబు రావాలంటే ఏం అడగాలి? నా గురించి నేను ఎంతవరకు చెప్పాలి? వాళ్లు చెప్పింది ఎవరికి చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు? సిలబస్ ఆపే వీలు లేదు, పీరియడ్ 45 నిమిషాలు.

లెక్కల మేడమ్:
చిక్కంతా అడిగే తీరులో ఉంది. నిలబెట్టి, వరుసగా, అందరి ముందూ అడిగితే పిల్లలు దాన్ని పరీక్షలాగే తీసుకుంటారు. మొదటి పిల్లవాడి జవాబుకు మీరు ‘వెరీ గుడ్’ అన్నారంటే మిగతా 42 మందికీ సరైన జవాబు దొరికిపోయినట్టే. పైగా ఈ మూడు తరగతుల వయసు 11 నుంచి 13. పక్కవాడు నవ్వుతాడేమోనన్న భయం ఈ వయసులో టీచరంటే ఉండే భయం కన్నా పెద్దది. అందుకని సొంత సంగతి ఏదైనా కాగితం మీద అడగండి, నోటితో వద్దు.

ఇంకొకటి, కలలూ ఆశయాలూ అడగడం కన్నా నిన్నటి సంగతి అడగండి. ‘నిన్న సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడున్నావు? ఏం చేస్తున్నావు? పక్కన ఎవరున్నారు?’ ఈ ఒక్క ప్రశ్న చాలు. ‘చెల్లిని ఎత్తుకున్నా, అమ్మ మిల్లు నుంచి ఏడింటికి వస్తది’, ‘మేకల్ని తోలుకొచ్చా’, ‘నాన్న బజ్జీల బండి దగ్గర ఉల్లిపాయలు కోశా’, ‘ట్యూషన్’, ‘ఫోన్లో గేమ్’ అని వస్తాయి. ఇందులో అబద్ధమాడాల్సిన అవసరం ఏ పిల్లకూ కనిపించదు. మీకేమో ఆ పిల్లకు హోంవర్క్ చేసే సమయం ఉందో లేదో, ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడు దొరుకుతారో తెలిసిపోతుంది.

అడగకూడనివీ ఉన్నాయి. ‘నాన్న ఏం చేస్తారు?’ వద్దు. తండ్రి లేని పిల్లలు, గల్ఫ్‌లో ఉన్న తండ్రుల పిల్లలు, అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్లు ప్రతి సెక్షన్లోనూ ఉంటారు. ‘సెలవులకు ఎక్కడికి వెళ్లారు?’, ‘పుట్టినరోజు ఎలా చేసుకున్నారు?’ కూడా అంతే, లేనివాళ్లు కల్పించి చెప్పాల్సి వస్తుంది. వీటికి బదులు ‘బడి నుంచి ఫోన్ వస్తే ఎవరు ఎత్తితే నీకు బాగుంటుంది?’ అని అడగండి. మీకు కావలసింది అదే.

తెలుగు పండిట్:
ఉత్తరం పెట్టి చూడండి. ముందు టీచర్ రాయాలి, తర్వాతే పిల్లలు. ఈ వరుస తిరగబడితే పని చేయదు. మనం ఒక్క మాట చెప్పకుండా వాళ్లను అన్నీ చెప్పమంటే అది విచారణే అవుతుంది.

చేసే విధానం చెబుతాను. జూన్ 12న బడి తెరుస్తారు కదా, మొదటి వారం వదిలేయండి. అడ్మిషన్లు, పుస్తకాలు, యూనిఫాంల హడావుడిలో పిల్లల మనసు నిలవదు. రెండో వారంలో ఒక పీరియడ్ తీసుకోండి. మీ ఉత్తరం పుటకు మించొద్దు. ఆరో తరగతి పిల్లలు చదివి అర్థం చేసుకోగల తెలుగులో, చేత్తో రాసి, జిరాక్స్ తీసి ఇద్దరికొకటి ఇవ్వండి. మీరే ఒకసారి పైకి చదవండి. ఇది ఐదు నిమిషాలు. జవాబుకు 20 నిమిషాలు, అర తావు కాగితం. తీసుకోవడానికీ, పీరియడ్ చివర మామూలు పాఠంలోకి రావడానికీ మిగతా సమయం. పాఠంలోకి రావడం ముఖ్యం. గంట కొట్టేదాకా ఆ ఉత్తరాలే పట్టుకుని ఉంటే పక్కవాళ్లవి లాక్కుని చదవడం మొదలవుతుంది.

మీ ఉత్తరం ఇలా ఉండొచ్చు:

‘ఆరో తరగతి పిల్లలకు,
నేను మీ క్లాస్ టీచర్ని. నాకు పటాలు చూడటమంటే చాలా ఇష్టం. చిన్నప్పుడు లెక్కలంటే భయం, ఇప్పటికీ కూడికలు రెండుసార్లు చేసుకుంటాను. నా గొంతు పెద్దది, గట్టిగా మాట్లాడినంత మాత్రాన కోపం వచ్చినట్టు కాదు. నిజంగా కోపం వస్తే మాట్లాడటం ఆపేస్తాను. హోంవర్క్ చేయకపోతే కొట్టను. ఎందుకు చేయలేదో అడిగి, మధ్యాహ్నం విరామంలో కూర్చోబెట్టి చేయిస్తాను. పేర్లు రావడానికి నాకు రెండు వారాలు పడుతుంది. ఈలోగా తప్పు పేరుతో పిలిస్తే వెంటనే చెప్పండి. మీరు రాసింది నేను ఒక్కదాన్నే చదువుతాను. ఎవరికైనా ప్రమాదం ఉందని రాస్తే మాత్రం దాచలేను, సాయం చేయగలవాళ్లకు చెప్పాల్సి ఉంటుంది. ఆ సంగతి ముందు మీకే చెబుతాను.’

ప్రతి వాక్యం వెనక ఒక పని ఉంది. కోపం ఎలా ఉంటుందో, తప్పు చేస్తే ఏమవుతుందో, రాసింది ఎక్కడిదాకా వెళ్తుందో పిల్లలు ముందుగా తెలుసుకోవాలనుకునే మూడు సంగతులు. మన జీతం, కులం, భక్తి, రాజకీయం, ఇంటి గొడవలు ఇందులోకి రాకూడదు. ఇక్కడ నిజాయితీ అంటే చెప్పిన ప్రతిదీ నిజం కావడం. అన్నీ చెప్పనక్కర్లేదు.

పిల్లలకు ఇచ్చే ప్రశ్నలు నాలుగుకు మించొద్దు:
నిన్ను ఏ పేరుతో పిలవాలి, ఏ పేరుతో పిలవకూడదు?
నిన్న సాయంత్రం ఆరింటి సంగతి (పైన మేడమ్ చెప్పిందే).
నీకు బాగా వచ్చిన పని, బడిలో ఎవరికీ తెలియనిది ఏమిటి?
టీచర్లు ఏం చేస్తే నీకు పాఠం అర్థం కాకుండా పోతుంది?

మొదటి ప్రశ్న చిన్నదనుకోవద్దు. పొట్టిగా ఉన్నాడనో, రంగునుబట్టో, నత్తి ఉందనో పెట్టిన పేర్లు ప్రాథమిక పాఠశాల నుంచి వెంట వస్తాయి. కొత్త బడిలో వాటిని వదిలించుకునే అవకాశం ఆ ప్రశ్నతో దొరుకుతుంది.

చివరగా, ఆ ఉత్తరంలో అక్షరదోషాలు దిద్దొద్దు. ఎర్ర ఇంకు గీత ఒక్కటి పడినా రెండో ఉత్తరం రాదు. భాషా టీచర్లకు ఇది కష్టం, నాకు తెలుసు. దోషాలు కనిపిస్తే వేరే కాగితం మీద మీకోసం రాసుకుని, వచ్చే వారం ఆ పదాలే డిక్టేషన్‌లో పెట్టుకోండి.

కొత్త సోషల్ టీచర్:
చాలా ఉపయోగం సార్. ఇంకో సందేహం. ఆరుగురికి రాయడమే రాదు. ముగ్గురు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, ఒక పాప ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చిన కుటుంబంది. వాళ్లకు ఏం చేయాలి?

తెలుగు పండిట్:
రాయలేని పిల్లల్ని విడిగా పిలిస్తే వాళ్లకు రాదని తరగతంతా తెలిసిపోతుంది. అందరికీ ‘రాయొచ్చు, బొమ్మ వేయొచ్చు, లేదా మధ్యాహ్నం నాకు చెప్పొచ్చు’ అని మూడు దారులూ ముందే చెప్పండి. బాగా రాసేవాళ్లలో కూడా కొందరు చెప్పడానికే వస్తారు, అప్పుడు ఈ ఆరుగురూ వాళ్లలో కలిసిపోతారు. సాయంత్రం ఆరింటి ప్రశ్నకు బొమ్మ బాగా పనికొస్తుంది: ఇల్లు, ఇంటి ముందు ఎవరు, చేతిలో ఏముంది. ‘ఇది ఎవరు?’ అని వేలు పెట్టి అడిగితే చాలు.

ఒడియా పాప విషయంలో పక్కపిల్లను అనువాదానికి పెట్టొద్దు. సొంత సంగతి తోటి పిల్ల నోటిగుండా రావడం మంచిది కాదు. బట్టీ దగ్గరకు వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడితే తెలుగు వచ్చిన పెద్దవాళ్లు అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. వానలు పడితే ఇటుక బట్టీలు ఆగిపోతాయి కాబట్టి ఆ కుటుంబం ఎప్పుడు తిరిగి వెళ్తుందో కూడా అప్పుడే కనుక్కోండి.

సైన్స్ ఎస్ఏ (స్కూల్ అసిస్టెంట్):
వలస మాట వచ్చింది కాబట్టి ఒకటి చేర్చాలి. పత్తి ఏరే అక్టోబరు–డిసెంబరులో, మిర్చి కోసే జనవరి–మార్చిలో మన పిల్లల గైర్హాజరీ బాగా పెరుగుతుంది. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిర్చి కోతకు వెళ్తాయి. ‘సంక్రాంతి తర్వాత ఎక్కడుంటావు?’ అని డిసెంబరు మొదట్లోనే అడిగితే పిల్లలు దాచకుండా చెబుతారు. అప్పుడైతే వలస కాలంలో పిల్లల్ని ఉంచుకునే సీజనల్ హాస్టల్‌కో, నాయనమ్మ దగ్గర ఉంచడానికో మాట్లాడే వ్యవధి ఉంటుంది. ఫిబ్రవరిలో రిజిస్టర్‌లో వరసగా గైర్హాజరీలు పడ్డాక అడిగి ప్రయోజనం లేదు.

ఇక సబ్జెక్టు టీచర్ల సంగతి. ఆరు సెక్షన్లు, సెక్షన్‌కు 40 అంటే 240 మంది. మాకు 240 ఉత్తరాలు చదివే వీలుండదు. ముందు పేర్లు నేర్చుకోవాలి, అది చాలా దూరం తీసుకెళ్తుంది. సీటింగ్ ప్లాన్ ఒక కాగితం మీద గీసుకుని, మొదటి రెండు వారాలు పిల్లలను చోటు మారనివ్వొద్దు. రోజుకు ఒక సెక్షన్లో ఎనిమిది పేర్లు చాలు. నోట్‌బుక్కులు లీడర్‌తో పంచిపెట్టించకుండా మనమే పేరు చదివి, ముఖం చూసి, చేతికివ్వాలి. ఐదు పీరియడ్లలో సెక్షన్ పూర్తవుతుంది. ఇద్దరు సాయిలు ఉంటే ఊరి పేరుతో విడదీయండి. నల్ల సాయి, పొట్టి సాయి అని పిల్లలు అంటున్నారు కదాని మనమూ అనకూడదు.

ఇంటిపేరు పొడి అక్షరాన్ని విడమరచి చెప్పమని అందరి ముందూ అడగొద్దు. ఇంటిపేరును బట్టి కులం ఆరా తీస్తారని ఇక్కడ అందరికీ తెలుసు.

విశ్రాంత హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడు):
ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. టీచర్ ఎంత ప్రేమగా ఉత్తరం రాసినా, స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజున ఆఫీసు నుంచి ఒక కాగితం వస్తుంది. ‘ఎస్సీ, ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి, కుల ధృవీకరణ పత్రం ఎవరు తేలేదు?’ అని తరగతిలో చదివేస్తారు. ఆ ఒక్క నిమిషంలో సీట్ల సర్దుబాటు మారిపోతుంది. మధ్యాహ్నం భోజనం దగ్గర వరుసలూ మారతాయి. జూన్ నుంచి మీరు కట్టుకున్నది అక్కడే పోతుంది.

దీనికి తేలిక మార్గం ఉంది. ఏ ఏ పత్రాలు కావాలో రాసి ఒక్కొక్కరి పేరుతో ఒక్కో చిట్టీ తయారుచేయండి. ఆధార్ నకలు, బ్యాంకు పాస్‌బుక్, కుల పత్రం, ఎవరు ఏది తేవాలో అది వారి చిట్టీలో ఉంటుంది. ఎవరి చిట్టీ వారి డైరీలో పెట్టి ఇవ్వండి. 43 చిట్టీలు రాయడానికి అరగంట. ఆ పని క్లాస్ టీచరే చేయాలి, క్లాస్ లీడర్‌కు అప్పగించకూడదు. ఫీజు బాకీల విషయంలో ప్రైవేటు బడులకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఇంగ్లిష్ టీచర్:
ఉత్తరాల ఆలోచన బాగుంది. ఎఫ్ఏలో (ఏడాది మధ్యలో మార్కులు వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ‘భాగస్వామ్యం–ప్రతిస్పందనలు’ అని ఎలాగూ ఉంది, ఉత్తరాన్ని దాని కింద లెక్కేస్తే పిల్లలు శ్రద్ధగా రాస్తారు, మన రికార్డూ పూర్తవుతుంది. ఏమంటారు?

తెలుగు పండిట్:
వద్దు సార్. మార్కు వస్తుందని తెలిసిన క్షణం నుంచి పిల్లలు మనకు నచ్చేది రాస్తారు. ‘మా టీచర్ చాలా మంచివారు, నాకు అన్ని పాఠాలూ అర్థమవుతున్నాయి’ అని 43 ఉత్తరాలు వస్తాయి. ఎఫ్ఏ రికార్డులను ఎంఈఓ (మండల విద్యాధికారి), తనిఖీ బృందం చూస్తారన్నది ఇంకో సంగతి. ‘నేను ఒక్కదాన్నే చదువుతాను’ అన్న మాట అక్కడే తప్పిపోతుంది. ఎఫ్ఏ కోసం పుస్తక సమీక్షో, పాఠం మీద అభిప్రాయమో రాయించుకోండి. ఈ ఉత్తరం రికార్డుల బీరువాలోకి పోకూడదు.

లెక్కల మేడమ్:
నేనూ అదే అంటాను. అదే లెక్కన బెత్తం ఉన్న తరగతిలో కూడా ఉత్తరం రాయించొద్దు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక శిక్షను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. చట్టం మాట పక్కన పెట్టినా, దెబ్బ తినే అవకాశం ఉన్నచోట పిల్లలు తమను కాపాడే మాటే రాస్తారు. హోంవర్క్ ఎందుకు చేయలేదంటే ‘నోట్‌బుక్ ఇంట్లో మర్చిపోయా’ అని రోజూ వినేది అందుకే. నిజం చెబితే దొరికే ఫలితం అబద్ధానికి దొరికేదానికన్నా మెరుగ్గా ఉండాలి. ‘చేయలేదు, రాలేదు’ అన్నవాడికి ఆ లెక్క బోర్డు మీద చేసి చూపించి, మర్చిపోయానన్నవాడిని నోట్‌బుక్ తెమ్మంటే, రెండు మూడు వారాల్లో మర్చిపోవడాలు తగ్గుతాయి.

ఏడో తరగతి అమ్మ:
నేను టీచర్ని కాదండీ, మా అబ్బాయి ఏడో తరగతి. తల్లిదండ్రుల వైపు నుంచి ఒకటి చెప్పాలి. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఇంట్లో గుండె ఆగుతుంది, ఎందుకంటే ఫిర్యాదుకే వస్తుంది. పిల్లాడు కూడా బడి సంగతి ఇంట్లో, ఇంటి సంగతి బడిలో చెప్పడం మానేస్తాడు, రెండూ కలిస్తే తనకే ముప్పని. మొదటి ఫోన్ ఫిర్యాదు కాకుండా ఉంటే బాగుంటుంది. ‘మీవాడు పటం బాగా గీశాడు’ అని ఒక్క నిమిషం చాలు.

ఇంకొకటి, వాట్సాప్ గ్రూపులో అందరి మార్కుల జాబితా పెట్టకండి. అపార్ట్‌మెంట్‌లో, వీధిలో అదే చర్చ అవుతుంది.

సైన్స్ ఎస్ఏ:
నిజమేనమ్మా. దీన్ని లెక్క ప్రకారం చేయొచ్చు. రోజుకు ఇద్దరి ఇళ్లకు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, జులై నెలాఖరుకు తరగతి మొత్తం పూర్తవుతుంది. ఏం చెప్పబోతున్నామో పిల్లకు ముందే చెప్పి చేయాలి. ‘సాయంత్రం మీ అమ్మకు ఫోన్ చేస్తాను, నువ్వు ప్రయోగం చేసిన సంగతి చెబుతాను’ అంటే బెరుకు ఉండదు. కూలికి వెళ్లేవాళ్లకు రాత్రి ఏడున్నర తర్వాతే చేయండి. పగలు ఫోన్ పెద్దపిల్లాడి దగ్గర ఉంటుంది, తప్పుడు చేతికి వెళ్తుంది.

గురుకులం డ్యూటీ టీచర్:
మా సంగతి వేరే ఉంటది. గురుకులంలో పిల్లలు పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా మా కళ్ల ముందే. ఇంత దగ్గర ఉంటే అంతా తెలుస్తదని అనుకుంటరు. తెలియదు. ఎందుకంటే ఇక్కడ టీచర్ చేతుల్లో అన్నం ఉంది, ఔటింగ్ ఉంది, ఇంటికి ఫోన్ చేసుకునే వంతు ఉంది. వీటిని చేతిలో పెట్టుకుని ‘నీ కష్టం చెప్పు’ అంటే పిల్ల ఆలోచించే చెప్తది.

మొదలు చేయాల్సింది ఆ మూడింటినీ మన ఇష్టం మీద ఉంచకుండా నియమం మీద పెట్టడం. ఫోన్ వంతుల పట్టిక గోడకు అంటించాలె, ఎవరి మీద కోపమున్నా అది మారొద్దు. తప్పు చేసినోళ్ల ఫోన్ కట్ చేసుడు అసలే వద్దు. అదొక్కటే వాళ్లకు బయటి దారి.

ఆదివారం తల్లిదండ్రులు వచ్చిపోయినంక, ఆ సాయంత్రం చూడాలె. ఎవరి కోసం ఎవరూ రాలేదో గేటు రిజిస్టర్‌లో ఉంటది. వాళ్ల దగ్గరికి పోయి ‘ఎందుకు రాలేదు’ అని అడగకుండా క్యారమ్స్ ఆడుదాం రమ్మంటే సరిపోతది. చెప్పాలనుకున్నోళ్లు ఆటలోనే చెప్తరు. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగే దానికన్నా, పక్కపక్కన నిలబడి చేతులకు పని ఉన్నప్పుడు ఈ వయసు పిల్లలు బాగా మాట్లాడతరు. మొక్కలకు నీళ్లు, ల్యాబ్ సర్దుడు, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు, ఏదైనా పర్వాలేదు.

లెక్కల మేడమ్:
డే స్కూల్‌కూ ఇదే సరిపోతుంది. స్టాఫ్‌రూమ్‌కు పిలిచి మాట్లాడొద్దు. స్టాఫ్‌రూమ్‌కు పిలుపంటే ఏదో తప్పు చేసినట్టే, బయటికి రాగానే పదిమంది చుట్టూ చేరి ‘ఏమన్నారు, ఏమన్నారు?’ అంటారు. మధ్యాహ్న భోజనం వరుస, చేతులు కడిగే కుళాయిల దగ్గర, ప్రేయర్ అయ్యాక తరగతికి నడిచే ఆ రెండు నిమిషాలు మంచి చోట్లు. అందరికీ కనిపించేలా, ఎవరికీ వినిపించకుండా.

తరగతిలో బిగుసుకుపోయిన పిల్ల ఒకరుంటే వరుసగా పది పనిదినాలు, రోజుకు రెండు నిమిషాలు ఆ పిల్లతోనే మాట్లాడండి. చదువు మాట ఎత్తకూడదు, సలహా ఇవ్వకూడదు. మొదటి మూడు నాలుగు రోజులు ‘ఊఁ’, ‘లేదు’ తప్ప ఏమీ రాదు, అక్కడే చాలామంది వదిలేస్తారు. ఆరో ఏడో రోజుకు పిల్లే ఏదో ఒకటి ముందు చెబుతుంది, అది చాలా చిన్న సంగతై ఉంటుంది: మా కుక్క ఈనింది, కొత్త పెన్ను కొన్నాను. దాన్ని మర్నాడు గుర్తుపెట్టుకుని అడగాలి. ఒకేసారి ఇద్దరికి మించి ఇలా చేయలేరు, గుర్తుండదు.

విశ్రాంత హెచ్ఎం:
కొత్త టీచరుగారి మూడో ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు రాలేదు. చెప్పింది ఎవరికి చెప్పాలి?

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు మొదట చిన్న సంగతి చెప్పి చూస్తారు. ‘మ్యాథ్స్ సార్ అంటే భయం’ అని రాశారనుకోండి. మనం మంచి ఉద్దేశంతోనే ఆ సార్‌కు చెబుతాం. ఆయన తరగతిలో నవ్వుతూ ‘ఏం, నేనంటే భయమటగా?’ అంటారు. తరగతి మొత్తానికి కబురు అందిపోతుంది, ఆ ఏడాదిక అంతే. ఇలాంటివి చెప్పాలంటే రెండు దారులు. ఆ పిల్ల అనుమతి అడగడం ఒకటి. ఐదారుగురు అదే రాసినప్పుడు పేర్లు లేకుండా ‘వేగంగా చెబుతున్నారని కొందరు అంటున్నారు’ అని చెప్పడం రెండోది. ఒక్కరే రాస్తే, అనుమతి లేకపోతే, మనలోనే ఉంచుకోవాలి.

ప్రమాదం ఉన్న సంగతులు పూర్తిగా వేరు. లైంగిక వేధింపు జరిగిందనో, జరగబోతుందనో తెలిస్తే 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం స్థానిక పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలి. ఇది తెలిసిన ప్రతి వ్యక్తి మీదా ఉన్న బాధ్యత. హెచ్ఎంకు చెప్పేశాను కదా అని టీచర్ ఊరుకుంటే చెల్లదు. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. తన కింద పనిచేసేవాళ్లు చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. బాల్యవివాహం మాట విన్నా అదే నంబరు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల ‘వేసవి తర్వాత రాను మేడమ్’ అంటే ఎందుకని అడగాలి.

ఆ పిల్ల చెబుతున్నప్పుడు చేయకూడనివి బాగా గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. ‘అతను ఇలా చేశాడా, అలా చేశాడా’ అని మనం మాటలు అందించొద్దు. పేరు వచ్చిన మనిషిని పిలిచి ఎదురెదురుగా అడగొద్దు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వొద్దు. విని, ‘చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు’ అని, తర్వాత ఎవరికి చెప్పబోతున్నామో ఆ పిల్లకు చెప్పి, అదే రోజు తన మాటల్లోనే తేదీ, సమయంతో రాసి పెట్టుకోండి. పండిట్‌గారి ఉత్తరంలో ‘దాచలేను’ అన్న వాక్యం ఉంది కదా, అది తీసేసి ఉత్తరం వాడొద్దు.

బయో మేడమ్:
ఆడపిల్లల విషయం కూడా. ఏడో తరగతిలో నెలసరి మొదలయ్యేవాళ్లు చాలామంది. క్లాస్ టీచర్ సార్ అయితే పిల్లలు ఆయనకు కడుపునొప్పి అనే చెబుతారు, ఆయనా ఇంకేమీ అడగక్కర్లేదు. ‘కడుపునొప్పి అంటే బయో మేడమ్ దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు, చిట్టీ అక్కర్లేదు’ అని జూన్‌లోనే అమ్మాయిలకు, అబ్బాయిలకు కలిపి ఒక్కసారి చెబితే సరిపోతుంది. నా బీరువా తాళం ఒకటి ఆయా దగ్గర ఉంటుంది, నేను క్లాసులో ఉన్నా ప్యాడ్ దొరకాలి కదా.

ఉన్నట్టుండి వెనక బెంచీకి మారిన పిల్లను, ఆటల పీరియడ్‌లో కూర్చుండిపోయే పిల్లను అందరిలో ‘ఏమైంది నీకు?’ అనొద్దు.

కొత్త సోషల్ టీచర్:
ఉత్తరాలు చదివాక తర్వాతి అడుగు ఏమిటి? జవాబులు రాయాలా?

తెలుగు పండిట్:
ప్రతి ఒక్కరికీ రెండు వాక్యాలు రాయాలి. 43 అంటే రోజుకు ఐదు చొప్పున రెండు వారాల్లోపు అయిపోతుంది. అంతకన్నా ఆలస్యమైతే చదవలేదనుకుంటారు. మొదటి వాక్యంలో వాళ్లు రాసిన ఒక వివరం ఉండాలి: ‘గొర్రెపిల్లకు పాలు పట్టడం నాకు తెలియదు, ఎలాగో చెప్పు.’ రెండోది ప్రశ్నో, మీ సంగతో. ‘గుడ్, కీపిట్ అప్’ అని రాసి పంపితే వాళ్లు రాసింది చదివినట్టు లెక్క కాదు.

తర్వాత వాటిని పాఠంలోకి తేవాలి, పేర్లు లేకుండా. ఆరో తరగతి సోషల్‌లో పటం, స్కేలు, దిక్కులు వస్తాయి. పిల్లలు బడికి వచ్చే దారులు, మేకలు తోలే చెరువుగట్టు, బజ్జీల బండి ఉండే సెంటరు అన్నీ గ్రామ పటంలో గీయించండి. ఎవరికి ఏ దారి తెలుసో వాళ్లే ముందుకొచ్చి చెబుతారు. చెరువుగట్టు గురించి తరగతిలో అందరికన్నా తనకే ఎక్కువ తెలుసని మేకలు కాసే పిల్లవాడికి అర్థమయ్యే పీరియడ్ అది. సిలబస్ కూడా ఆగదు.

లెక్కల మేడమ్:
ఎఫ్ఏ–1 పేపర్లు ఇచ్చిన వారంలో మన గురించి కూడా అడగండి. మార్కులు ఇచ్చిన రోజే వద్దు, ఆ కోపమో సంతోషమో జవాబులోకి వస్తుంది. మూడు నాలుగు రోజులు ఆగి, పేరు లేని చిన్న చిట్టీ: ఏ పాఠంలో దారి తప్పావు, నేను ఏం చేస్తే అర్థమైంది, నేను ఏం ఆపాలి. చేతిరాత గుర్తుపడతానని పిల్లలకు తెలుసు, కాబట్టి మొదటి రెండింటికి టిక్కు పెట్టే జాబితా ఇవ్వండి. మూడోది ఒక్కటే రాసేది, అది కూడా ఇష్టమైతేనే.

మర్నాడు బోర్డును మూడు భాగాలు చేసి ఫలితం చెప్పాలి: మారుస్తాను, మార్చలేను, ఇంకా ఆలోచించాలి. ‘బోర్డు త్వరగా తుడిచేస్తున్నారు’ అన్నది మొదటి భాగంలోకి వెళ్తుంది, ఆ రోజు నుంచే తుడిచే ముందు అడగాలి. ‘లెక్కల పరీక్ష వద్దు’ రెండో భాగం, ఎందుకు కుదరదో ఒక్క వాక్యంలో. మూడో భాగంలో రాసినవాటికి తేదీ వేయండి, ఆ తేదీకి జవాబు చెప్పండి. అడిగి ఏమీ మార్చకపోతే రెండోసారి ఖాళీ చిట్టీలు వస్తాయి. అసలు అడగకుండా ఉన్నా అంత నష్టం లేదు.

ఇంగ్లిష్ టీచర్:
ఎఫ్ఏలో కలపాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, పండిట్ గారు చెప్పిన తనిఖీ సంగతి సరైనదే. ఒక్కటి అడగాలి: ఏడాది చివర ఈ ఉత్తరాలు ఏం చేయాలి? ఏడో తరగతి క్లాస్ టీచర్‌కు అందజేస్తే ఆయనకు ఉపయోగం కదా.

విశ్రాంత హెచ్ఎం:
ఉత్తరాలు అందజేయొద్దు. పిల్లలు ఒక మనిషికి రాశారు, పదవికి రాయలేదు. ఏప్రిల్‌లో చివరి పనిదినానికి వారం ముందు ఎవరివి వాళ్లకు తిరిగివ్వండి, కవరులో పెట్టి. బడి మానేసినవాళ్లవి, టీసీ తీసుకెళ్లినవాళ్లవి చింపేయండి. ఈలోగా అవి మీ ఇంట్లో గానీ తాళం ఉన్న సొంత సొరుగులో గానీ ఉండాలి. స్టాఫ్‌రూమ్ బల్ల మీద ఒక్క పూట కూడా వద్దు. ఫొటోలు తీసి ‘మా పిల్లలు ఎంత బాగా రాశారో’ అని స్టేటస్ పెట్టడం అసలు వద్దు.

తర్వాతి టీచర్‌కు వేరే కాగితం ఇవ్వండి. చదువుకు, క్షేమానికి అవసరమైనవి మాత్రం రాయండి: ఎవరికి బోర్డు కనిపించదు, ఎవరికి మూర్ఛ ఉంది, ఏ మందు, ఎవరింటికి ఏ వేళకు ఫోన్ చేయాలి, ఎవరు సంక్రాంతి తర్వాత వలస వెళ్తారు, ఏ పేరుతో పిలవకూడదు. ‘అల్లరి’, ‘మొండి’, ‘అబద్ధాలాడుతుంది’ లాంటి మాటలు అందులో ఉండకూడదు. పోలీసులకు చేరిన సంగతులు ఆ కాగితం మీద రావు, వాటికి బడిలో వేరే ఫైలు ఉంటుంది, అది హెచ్ఎం దగ్గర తాళంలో.

కొత్త సోషల్ టీచర్:
అందరికీ కృతజ్ఞతలు. రెండో వారం బుధవారం మూడో పీరియడ్ ఉత్తరానికి పెట్టుకుంటున్నాను. భోజనానికి ముందు పీరియడ్ అయితే చెప్పాలనుకున్నవాళ్లు వరుసలోనే నా దగ్గరకు రావచ్చని.

గురుకులం డ్యూటీ టీచర్:
మంచి టైమే మేడమ్. ఆ రోజు భోజనం డ్యూటీ కూడా మీరే తీసుకోండి. ఇంకో టీచర్ పక్కన నిలబడి ఉంటే పిల్లలు మీ దగ్గరికి రారు.